ఆకు ఒక్కటే చూసి ఆర్కిడ్ పేరు చెప్పవచ్చా?

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. సెలవు రోజుల్లో తూర్పు కనుమల అడవి బాటల్లో నడిచే ఒక చిన్న బృందంలో ఆమె సభ్యురాలు. ఒకప్పుడు తనకు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారే ఆ బృందానికి పెద్ద దిక్కు. దారిలో కనిపించిన అడవి ఆర్కిడ్ల ఫొటోలతో పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేయాలని అందరూ అనుకున్నారు. ఫొటోల కింద పేర్లు రాసే పని ఈమెకు అప్పగించారు. చిక్కు అక్కడే వచ్చింది. చెట్టు కొమ్మ నుంచి పూగుత్తి వేలాడుతున్న ఒక మొక్కను మాస్టారు సింబీడియం ఎలోయిఫోలియం అన్నారు, ఈమెకు అది సింబీడియం బైకలర్ అనిపిస్తోంది. గుత్తుగా పూసిన మరొక దానిని ఆయన రింకోస్టైలిస్ అంటే ఈమె ఏరిడిస్ అంటున్నారు. వానల్లో గడ్డి మధ్య పూసిన తెల్లపూల మొక్క హాబెనేరియానా, పెరిస్టైలసా అన్నది తేలనే లేదు. తొలకరిలో ఒక చెట్టు నీడన కనిపించిన ఆకులేని పువ్వునూ, కొన్నాళ్లకు అదే చోట కనిపించిన పువ్వులేని ఆకునూ రెండు వేర్వేరు మొక్కలుగా లెక్కవేయడం సబబేనా అన్న అనుమానం కూడా ఉంది. “ఆకు చూస్తే చాలమ్మా, నలభై ఏళ్లుగా చూస్తున్నాను” అని మాస్టారు అంటున్నారు. “ఒక మొక్క పెరికి తెచ్చి ఇంట్లో కోసి చూస్తే గొడవే ఉండదు కదా అక్కా” అని బృందంలోని ఒక కుర్రవాడు అంటున్నాడు. చూపు మందగించిన మాస్టారిని నలుగురిలో తప్పుపట్టడం తనకు ఇష్టం లేదనీ, తప్పని అనుమానం ఉన్న పేరును పిల్లల చేతికి ఇవ్వడం అంతకన్నా ఇష్టం లేదనీ, ఏం చేయమంటారనీ ఆమె అడిగారు.

మీరు జతచేసిన ఫొటోలన్నీ నిదానంగా చూశాను. అవి అందంగా ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ మొక్క మొత్తాన్ని కొంచెం దూరం నుంచి చూపిస్తున్నవే. మాస్టారికీ మీకూ మధ్య నడుస్తున్న వాదంలో ఎవరి మాట నిజమో తేల్చే భాగాలు ఆ ఫొటోల్లో లేవు. కాబట్టి ఆయనది తప్పని నేను చెప్పలేను, మీది ఒప్పని కూడా చెప్పలేను. ఇది తప్పించుకునే జవాబుగా అనిపించవచ్చు గానీ, మీ ఇద్దరికీ ఇదే మేలు చేస్తుందని నా నమ్మకం. ఎందుకంటే ఇక మీదట మాట్లాడుకోవలసింది ఎవరికి ఎక్కువ తెలుసన్న దాని గురించి కాక, ఏ భాగాన్ని ఇంకా చూడలేదన్న దాని గురించి అవుతుంది.

ముందుగా మాస్టారి మాటలో ఉన్న న్యాయాన్ని ఒప్పుకోవాలి. ఆకును బట్టి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట) దాకా వెళ్లగలిగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. పూలు లేనప్పుడు వాండా టెస్సలేటానూ, అకాంపే ప్రెమోర్సానూ చూడండి. రెండూ ఎండు కొమ్మలను లావు వేళ్లతో పట్టుకుని, రెండు వరసల ఆకులతో నిలబడే మొక్కలే. అయినా వాండా ఆకు సన్నగా, నడిమి ఈనె వెంట లోతుగా మడతపడి, బయటికి వంగి ఉంటుంది. కొన పళ్లు పళ్లుగా కొరికినట్లు ఉంటుంది. అకాంపే ఆకు మందంగా, తోలులా, దాదాపు బల్లపరుపుగా ఉండి, కొన దగ్గర ఎగుడుదిగుడుగా ఉన్న రెండు గుండ్రటి తమ్మెలుగా చీలుతుంది. నలభై ఏళ్లు అడవిలో తిరిగిన కన్ను ఈ తేడాను ఇరవై అడుగుల దూరం నుంచి కూడా పట్టుకుంటుంది, అందులో అతిశయోక్తి లేదు. అయితే ప్రజాతిని దాటి జాతి దాకా వెళ్లేటప్పటికి ఆకు సాక్ష్యం చాలా చోట్ల ఆగిపోతుంది. అదే వాండాలో టెస్సలేటాను టెస్టేసియా నుంచి వేరు చేయాలంటే పువ్వు కావాలి. టెస్సలేటా పువ్వు పెద్దది, రేకుల మీద గళ్లగళ్లుగా గోధుమరంగు అల్లిక ఉంటుంది; టెస్టేసియా పువ్వు అందులో సగమైనా ఉండదు, పసుపు రేకుల మీద ఆ అల్లిక కనబడదు.

ఇక ఆర్కిడ్ పువ్వులో చూడవలసింది ఏమిటి? మూడు రక్షక పత్రాలు, మూడు రేకులు ఉంటాయని మీరు తరగతిలో చెప్పే ఉంటారు. ఆ మూడు రేకుల్లో ఒకటి మిగతా రెంటిలా ఉండదు, అదే పెదవి. కేసరమూ కీలమూ కలిసిపోయి ఏర్పడిన స్తంభం దానికి ఎదురుగా ఉంటుంది. చాలా జాతుల్లో పెదవి అడుగుభాగం వెనక్కి సాగి సంచిలాగానో, సన్నని తేనెగొట్టంలాగానో మారుతుంది. దగ్గరి చుట్టాలైన జాతుల మధ్య తేడాలు ఎక్కువగా ఈ మూడు చోట్లనే, అంటే పెదవి, తేనెగొట్టం, స్తంభం దగ్గరనే దాగి ఉంటాయి. పురుగు వచ్చి వాలేదీ, తల దూర్చేదీ, పుప్పొడి ముద్దను వీపు మీదనో కంటి మీదనో అంటించుకుని పోయేదీ అక్కడే కాబట్టి, జాతికో తీరుగా మలచుకున్న భాగాలు కూడా అవే. మిగిలిన రేకులు ఒకదాన్ని పోలి మరొకటి ఉండటంలో వింత లేదు.

మీ సింబీడియం సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ జంట దగ్గర తడబడినవాళ్లు మీరిద్దరే కాదు. ఎలోయిఫోలియం, బైకలర్ రెండూ దక్షిణ భారతంలో ఉన్నవే. రెండింటికీ మందమైన పట్టీల్లాంటి ఆకులు, కొన దగ్గర ఒక పక్క ఎక్కువగా చీలిన తమ్మెలు, కిందికి వేలాడే పూగుత్తి, లేత పసుపు రేకుల నడుమ ముదురు ఎరుపు చార ఉంటాయి. మాస్టారు చూసిన ఆకు రెండింటికీ చెల్లుతుంది. తేడా పెదవి మీద ఉంది. ఎలోయిఫోలియం పెదవి మీద ముదురు ఎరుపు ఈనెల వెంట బారులు తీరి, గీతలు గీసినట్లు కనిపిస్తుంది. బైకలర్ పెదవి మీద అదే రంగు చుక్కలుగా, మరకలుగా చెదిరి ఉంటుంది, పెదవి మొదలు కూడా చిన్న సంచిలా లోతుగా ఉంటుంది. మీ ఫొటోను ఎంత పెద్దది చేసినా పెదవి ఒక ఎర్రటి మచ్చగానే కనబడుతోంది. అది గీతలో చుక్కలో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా సింబీడియం పూలలో పరాగ సంపర్కం జరిగిన తరువాత పెదవి మొత్తం ఎర్రబారుతుంది. గుత్తిలో పైనుంచి మొదట విచ్చుకున్న ముదురు పువ్వును ఫొటో తీసి ఉంటే, గీతలు ఉన్నా ఆ ఎరుపులో కలిసిపోతాయి. అందుకే గుత్తి చివర, అప్పుడే విచ్చుకున్న పువ్వును చూడాలి. మాస్టారి పాత నోటుపుస్తకంలో సింబీడియం పెండ్యులం అన్న పేరు కనిపిస్తే అది మూడో మొక్క అని కంగారు పడకండి, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ వర్ణించిన ఆ మొక్కను ఇప్పుడు ఎలోయిఫోలియంలోనే కలిపారు.

ఆ సింబీడియం ఏ చెట్టు మీద ఉందన్న వివరం కూడా మాస్టారు మీకు చెప్పారని రాశారు. అది రాసి పెట్టుకోవలసిన సంగతే. పదిహేడో శతాబ్దంలో మలబారు మొక్కల గురించి డచ్చివారు లాటిన్‌లో అచ్చువేయించిన గ్రంథంలో సరిగ్గా ఈ ఎలోయిఫోలియంకే ముష్టి చెట్టు పేరు కలిపిన మలయాళ నామం ఉంది. అయినా ముష్టి చెట్టు మీద కనిపించిందల్లా ఎలోయిఫోలియం కాదు. అది ఇంకా చాలా రకాల చెట్ల మీద పెరుగుతుంది. చెట్టును సూచనగా వాడుకోవచ్చు, రుజువుగా వాడకూడదు.

రింకోస్టైలిస్, ఏరిడిస్ తగువు ఇంతకన్నా తేలిక. రింకోస్టైలిస్ రెటూసా అస్సాం రాష్ట్ర పుష్పం, పేరున్న మొక్క. బహుశా ఆ పేరు వల్లనే, గులాబీ చుక్కలతో గుత్తుగా వేలాడే ప్రతి ఆర్కిడ్‌కూ జనం ముందుగా ఆ పేరే పెట్టేస్తారు. పువ్వును పక్కనుంచి చూడండి. రింకోస్టైలిస్‌లో పెదవి అడుగున ఉన్న సంచి పక్కల నుంచి నొక్కినట్లుండి వెనక్కి చూస్తుంది, పెదవికి పక్క తమ్మెలు కనిపించవు. ఏరిడిస్‌లో ఆ గొట్టం పెదవి కిందుగా ముందుకు తిరుగుతుంది. మీ ఫొటో పువ్వును ఎదుటి నుంచి చూపిస్తోంది, ఆ కోణంలో రెండూ ఒకటే. ఈ మొక్క ఏటా అక్కడే పూస్తుంది కాబట్టి వచ్చే పూతకాలంలో ఒక్క పక్కవాటు ఫొటోతో తేలిపోతుంది. వేలాడే గుత్తుల ఫొటోలను కంప్యూటర్లో నిటారుగా తిప్పి దాచుకునే అలవాటు ఉంటే మాత్రం మానేయండి, పెదవి పైకుందో కిందికుందో తరువాత చూసేవారికి తెలియకుండా పోతుంది.

నేల మీద పూసిన తెల్లపూల దగ్గర మాత్రం ఓపిక పట్టక తప్పదు. ఒక్క హాబెనేరియా ప్రజాతిలోనే ప్రపంచవ్యాప్తంగా 800కు పైగా జాతులు ఉన్నాయి. మన కొండల్లో వానలకు మొలిచే వాటిలో తెల్లనివీ, ఆకుపచ్చనివీ ఒకదాన్ని చూసి మరొకటి అనుకునేవి చాలా ఉన్నాయి. పెరిస్టైలస్ వాటికి దగ్గరి చుట్టం. రెంటినీ విడదీయడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం ఒకటి చాలు. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు నోట్లోకి సూటిగా చూడండి. స్తంభానికి ముందు, తేనెగొట్టం ద్వారానికి ఇరుపక్కలా రెండు బుడిపెలు కాడల మీద నిలబడి, నత్త కొమ్ముల్లా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే అవి హాబెనేరియా కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే భాగాలు). కాడలు లేకుండా, ద్వారం అంచుకు అంటుకుపోయిన మెత్తటి ఉబ్బుల్లా ఉంటే అది పెరిస్టైలస్. తేనెగొట్టం కూడా సాయపడుతుంది: పెరిస్టైలస్‌లో అది చాలావరకు పొట్టిగా, గోళీలాగానో సంచిలాగానో ఉంటుంది, హాబెనేరియాలో ఎక్కువగా సన్నగా పొడుగ్గా దిగుతుంది. కానీ పొడుగు పొట్టీల మీద పూర్తిగా ఆధారపడవద్దు, మినహాయింపులు ఉన్నాయి.

అది హాబెనేరియా అని తేలిన తరువాత పెదవి వైపు తిరగండి. అది మూడు పాయలుగా ఉంటుంది. పక్క పాయలు విసనకర్రలా విచ్చుకుని, బయటి అంచు పళ్లు పళ్లుగా ఉండి, నడిమి పాయ సన్నని పట్టీలా ఉంటే, ఆకులు నేలకు దగ్గరగా గుమిగూడి ఉంటే, హాబెనేరియా ప్లాంటజీనియా అనడానికి మంచి ఆధారం దొరికినట్లే. మూడు పాయలూ సన్నగా ఉంటే పరిశీలించవలసిన జాతులు పెరుగుతాయి; అప్పుడు గొట్టం పొడవును పువ్వు వెనక ఉన్న అండాశయంతో పోల్చి రాసుకోవాలి, ఆకులు నేలకు అతుక్కున్నాయా, కాండం వెంట పైకి ఎక్కాయా చూడాలి. పువ్వు పక్కన ఒక చిన్న స్కేలు పెట్టి ఫొటో తీస్తే ఈ కొలతలు ఇంటికి వచ్చాక కూడా తీసుకోవచ్చు.

ఆకులేని పువ్వు, పువ్వులేని ఆకు గురించి మీకు వచ్చిన అనుమానం నాకు చాలా నచ్చింది. మీ వర్ణన నెర్వీలియాకు సరిపోతోంది. దాని దుంప నుంచి తొలకరి వేళకు పూకాడ ఒక్కటే లేస్తుంది, అది వాడిపోయిన తరువాత గాని ఆకు రాదు; ఆ ఆకు కూడా ఒక్కటే, హృదయాకారంలో ఉంటుంది. కనుక జాబితాలో మీరు రెండుగా రాసినవి ఒకే మొక్క అయ్యే అవకాశం బాగా ఉంది. అయితే వెంటనే కలిపేయకండి, ఒకే చోట రెండు నెర్వీలియా జాతులు కూడా ఉండవచ్చు. కాడకు రెండే పూలు ఉండి, ఆ తరువాత వచ్చిన ఆకు నేలను ఆనుకుని నూగుతో ఉంటే నెర్వీలియా ప్లికాటా వైపు మొగ్గవచ్చు. కాడకు అంతకన్నా ఎక్కువ పూలు ఉండి, ఆకు పొడవైన తొడిమ మీద నిటారుగా నిలిస్తే నెర్వీలియా కాంకలర్ వైపు. పూకాడ లేచిన చోటుకు పక్కనున్న రాయినో, చెట్టు మొదలునో గుర్తుగా పెట్టుకుని అంగుళాలతో సహా రాసుకోండి, ఆకు వచ్చాక అదే చోట చూడండి.

ఇప్పుడు ఆ అబ్బాయి సూచన. వద్దనే నేను గట్టిగా చెబుతాను. అభయారణ్యాల్లోనూ జాతీయ ఉద్యానాల్లోనూ అనుమతి లేకుండా మొక్కను పెరకడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, రిజర్వు అడవిలో కూడా అటవీశాఖ అనుమతి కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, హాబెనేరియా లాంటి నేల ఆర్కిడ్ ప్రతి ఏడూ పాత దుంప పక్కన కొత్త దుంపను పెంచుకుని, మరుసటి ఏడు దాని నుంచే లేస్తుంది. పెరికితే ఆ మొక్క కథ అంతటితో సరి. గింజలతో తిరిగి వస్తుందిలే అనుకోవడానికి లేదు. దుమ్ములాంటి ఆ గింజల్లో ఆహార నిల్వ ఉండదు, నేలలో తగిన శిలీంధ్రం తోడైతేనే అవి మొలకెత్తుతాయి. పైగా ఇంత నష్టానికి దక్కే ఫలితమూ తక్కువే, ఎందుకంటే మీకు కావలసిన తేడాలన్నీ పువ్వులో ఉన్నాయి, దుంపలో లేవు. కోసి చూడాలన్న అతని ఉత్సాహాన్ని మాత్రం చంపకండి. సింబీడియం కింద నేల మీద రాలిన పూలు దొరుకుతాయి. వాటిలో తాజాదాన్ని అక్కడికక్కడే బ్లేడుతో నిలువుగా చీల్చి, పెదవి మొదలు సంచిలా ఉందో లేదో అతన్నే చూడమనండి. రాలిన పూలు దొరక్కపోయి, మాటను ఎలాగైనా తేల్చవలసి వస్తే, అనుమతి తీసుకుని, పదుల పూలున్న గుత్తి నుంచి ఒక్క పువ్వును తీసి స్పిరిట్‌లో వేయవచ్చు. రంగు పోతుంది, ఆకారం నిలుస్తుంది. కాగితాల మధ్య నొక్కితే ఆకారం కూడా చదునైపోతుంది, మీకు కావలసింది సరిగ్గా ఆ ఆకారమే. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉంది. అలాంటి చోట నిపుణులకు చూపించాలన్నా మంచి పక్కవాటు ఫొటోలూ, స్పిరిట్‌లో నిలిచిన ఒక్క పువ్వూ ఎండిన మొక్క కన్నా ఎక్కువ పనికొస్తాయి. ఫోన్లలో పేరు చెప్పే యాప్‌లను కూడా వాడుకోవచ్చు, కానీ మీ ఫొటోలో లేని పెదవిని అవి కూడా చూడలేవు.

పుస్తకం విషయంలో మీ ముందు మూడు నాలుగు దారులు ఉన్నాయి. మాస్టారు చెప్పిన పేర్లే అచ్చువేస్తే ఇంటి గొడవ తీరుతుంది. కానీ పిల్లలు ఆ ఫొటోనూ ఆ పేరునూ కలిపి నేర్చుకుంటారు, అచ్చులో ఒకసారి పడ్డ తప్పు పేరు జాబితా నుంచి జాబితాకు పాకుతూనే ఉంటుంది. మీకు తోచిన పేర్లు వేస్తే, చేతిలో రుజువు లేకుండా ఆయన మాట తోసేసినట్లవుతుంది. రుజువు లేని విషయంలో మీది కూడా ఊహే కనుక ఈ దారి నాకు మొదటిదానికన్నా మెరుగనిపించదు. తేలినంత వరకే రాయడం మూడో దారి: “సింబీడియం, ఎలోయిఫోలియం గాని బైకలర్ గాని కావచ్చు, పెదవి మీద గీతలున్నాయో చుక్కలున్నాయో చూడాలి” అని ఫొటో కింద వేయవచ్చు. పుస్తకం అసంపూర్తిగా ఉందని కొందరు అనవచ్చు. కానీ ఆ వాక్యం చదివిన పిల్ల మరుసటి ఏడు ఆ చెట్టు కిందికి వెళ్లి పెదవి కోసం వెతుకుతుంది, టీచరుగా మీకు అంతకన్నా ఏం కావాలి? తెల్లపూల మొక్కకు “హాబెనేరియా లేదా పెరిస్టైలస్” అని రాయడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు, నిపుణులు కూడా తమ నమూనాల మీద ఇలాగే ప్రజాతి దగ్గర ఆగుతూ ఉంటారు. తొందర లేకపోతే, ఈ నాలుగు పేజీలను పక్కన పెట్టి ఒక పూతకాలం ఆగి వేయడం నాలుగో దారి. దానివల్ల పుస్తకం ఆలస్యమవుతుంది, మాస్టారి వయసు దృష్ట్యా మీకు అది నచ్చకపోవచ్చు. నన్నడిగితే మూడోదానికే మొగ్గుతాను, కానీ ఆయన ఆరోగ్యమూ బృందం ఓపికా మీకే తెలుసు.

మాస్టారితో మాట్లాడేటప్పుడు బృందం అంతా కూర్చున్న చోట వద్దు. ఆయన ఇంటికి వెళ్లి, ఫొటోలను పెద్ద తెర మీద చూపిస్తూ, “ఇది ఎలోయిఫోలియమేనా?” అని కాకుండా “పెదవి మీద గీతలు మీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారా మాస్టారూ?” అని అడగండి. మొదటి ప్రశ్నకు ఔననో కాదనో చెప్పి ఆయన దానికి కట్టుబడిపోతారు; రెండోదానికి గుర్తు తెచ్చుకోవలసి వస్తుంది. గుర్తు తెచ్చుకుంటే మీ ఫొటోల్లో దొరకనివి కొన్ని దొరుకుతాయి: ఏ నెలలో మొదటి పువ్వు విచ్చుకుంటుంది, వాసన ఏ వేళ వస్తుంది, ఏ వాగు పక్కన ఏ ఏడు కనిపించింది, ఏ ఏడు కనిపించలేదు అన్నవి. ఆ వివరాలన్నీ ఆయన పేరుతో పుస్తకంలో వేయండి, అవి ఏ భూతద్దానికీ అందవు. ఆయన కళ్లకు భూతద్దం కష్టమైతే, మీరు చూస్తూ పైకి చెబుతుండగా ఆయన రాసుకునేలా పని పంచుకోవచ్చు. అంతా విని కూడా “ఆకు చాలు” అన్నారనుకోండి, అప్పుడు ఫొటో కింద మీరు రాసిన వాక్యం పక్కనే “మాస్టారు ఆకును బట్టి ఎలోయిఫోలియంగా భావిస్తున్నారు” అని చేర్చవచ్చు. అది అబద్ధం కాదు, ఆయనను తక్కువ చేసినట్లూ కాదు.

మీరు అడగకపోయినా ఒక మాట. అడవి నుంచి ఆర్కిడ్లను పెరికి అమ్ముకునేవారు ఉన్నారు కాబట్టి, పేర్లు ఎలా తేలినా, మొక్క ఉన్న చోటును పుస్తకంలో జిల్లా వరకే చెప్పండి. వాగు పేరు, బాట పేరు, ఫోన్ ఫొటోలో దాగి ఉండే స్థల వివరం ఏదీ అచ్చుకు గాని, ఇంటర్నెట్‌కు గాని వెళ్లనివ్వవద్దు. ఆ వివరాలు మాస్టారి నోటుపుస్తకంలోనూ మీ నోటుపుస్తకంలోనూ ఉంటే చాలు.